మనుషుల్లేని వాకిట్ల ముగ్గు

సిరొంచల తహసీల్ ఆఫీసు ఎదురుంగ సేతు కేంద్రం ఉంటది. ఏండ్ల సంది ఆడ కూసునేది నేనే. పేరు అరుంధతి. జనాల అర్జీలు నింపుడు, పాత కాగితాలు ఎతికిచ్చుడు నా పని. నోరు జర పెద్దదని ఊరంత అంటది. అననియ్యి. నోరు లేకుంటె ఈ ఆఫీసులల్ల చీపురుపుల్ల గూడ కదలది.

ఊరందరి కాగితాలు తీసిచ్చిన దాన్ని, నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఇరుక్కపోయిన. రేష్మకు నాగపూర్‌ల నర్సింగ్ సీటు వచ్చింది. కులం సర్టిఫికెట్ నిజమైనదేనని కమిటీ వాళ్లు ముద్ర ఏస్తెనే ఆ సీటు నిలుస్తది. దానికి మా తాతముత్తాతలు ఈ ఊరోళ్లేనని రుజువు గావాలె. రుజువు దొరికింది కూడ. కొత్వాల్ బుక్కు అని వెనకట ఊర్ల పుట్టినోళ్లను, సచ్చినోళ్లను రాసే పుస్తకం ఒకటుండేది. అండ్ల మా తాత ఆదయ్య పుట్టుక రాసి ఉంది. ఇల్లు గంపలవాడ అని ఉంది.

గంపలవాడ ఇప్పుడు లేదు. వెదురు చీల్చి గంపలల్లేటోళ్లు, కూలికి పోయేటోళ్లు ఉండే వాడ అది. నేను మా అమ్మ కడుపుల ఉన్నప్పుడే రోడ్డు కోసమని ఇండ్లు కూలగొట్టిండ్రట. ఇప్పుడు ఆడ మొరం పోసిన ఖాళీ జాగ తప్ప ఏం లేదు. లారీలు ఆగుతయి, అంతే.

విచారణకు వచ్చే సాహెబు ఫోన్ల మరాఠీల ఒకటే మాట చెప్పిండు. "లేని వాడను నేనెట్ల నమ్మాలె బాయీ? ఆ వాడల బతికిన మనిషి ఒక్కరన్న వచ్చి, ఇది ఆదయ్య ఇల్లు అని నాకు చెప్పాలె. చెప్తె ఫైలు పంపుత. లేకుంటె లేదు."

ఇగ చూడుండ్రి నా తిప్పలు. పాత బడి రిజిస్టర్లు, ఓటర్ల జాబితాలు ముంగటేసుకొని ఒక్కొక్క పేరు పట్టుకొని చెప్పులరిగేటట్టు తిరిగిన. ఇండ్లు పోయినంక ముల్చేర దిక్కు వలస పోయినోళ్లల్ల ముసలోళ్లు కాలం చేసిండ్రు. మనుమలేమో "గంపలవాడనా? అదేడుంది?" అని నన్నే అడిగిండ్రు. ఎవలు కలిసినా నేను అడిగేది ఒకటే. 'మీరు ఇప్పుడు ఎక్కడుంటున్నరు?' ఆ ప్రశ్న నా నాలికకు అలవాటైపోయింది.

ఆఖరికి జింగనూర్‌ల రాజవ్వ దొరికింది. గంపలవాడల పుట్టి పెరిగిన మనిషి. కండ్లు సరిగ కనవడకున్నా మతి మాత్రం సక్కగ ఉంది. "వస్త బిడ్డా, నీ పిల్ల సదువు కోసం రానా?" అన్నది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సాహెబు వచ్చే ముందురోజు పొద్దుగూకే యాళ్లకు రాజవ్వ ఫోన్ చేసింది. అడవి దిక్కు వాన కొట్టి వాగు రోడ్డు మీదికి ఎక్కిందట. జీపు రాదు. మా ఆయన నౌకరి భామ్రాగడ్‌ల, ఆయన దిక్కు కూడ తొవ్వలు బందే. మా తమ్ముడు ప్రేమ్‌సాగర్ను పిలిచి బండి తియ్యమన్న.

"ఏం చేస్తవక్కా ఆడికి పోయి?" అన్నడు.

"అవ్వ ఫోన్ల చెప్తది, ఏ ఇల్లు ఏడనో నేను గుర్తులు పెడుత. రేపు సాహెబుకు చూపిస్త. ఉత్తగ కూసుంటె సీటొస్తదా?"

ఇంట్ల ఉన్న ముగ్గు డబ్బ, బకెట్ పట్టుకొని పోయినం.

మా దిక్కు వాన తెరిపిచ్చింది. లారీలు ఒక్కటి లెవ్వు. జాగ మూలకు ఒక రాతి రోలు భూమిల పాతుకొని ఉంది, వాడల మిగిలింది అదొక్కటే. రాజవ్వ ఫోన్ల ఆ రోలు కాడికెళ్లి చెప్పుకుంట వచ్చింది. "రోలుకు ఎడమ దిక్కు ఆశన్న ఇల్లు... దాని పక్కపొంటి మీ ఆదయ్యది... ఎదురుంగ మాది..." నేను ముగ్గు పోసుకుంట పోయిన. కాని మొరం మీద ముగ్గు ఆనుతలేదు, రాళ్లల్ల కలిసిపోతుంది. రోడ్డు మీద బర్రెలు, ఆవులు పండుకొని లేసిపోయిన జాగల పేడ కుప్పలు కుప్పలుంది. గుంతల నీళ్లున్నయి. ఇంకేముంది, బకెట్ల పేడ కలిపి ప్రతి ఇంటి ముంగట సాన్పి చల్లిన. చేత్తోని అలికిన. దాని మీద ముగ్గేసిన. తెల్లగ, ముద్దుగ కనవడ్డది.

పొద్దున లేసి రోజు చేసే పనే కద, చెయ్యి దానంతట అదే పోయింది. నా ముగ్గుకు ఒక అవలక్షణం ఉంది. కుడిదిక్కు మూలకు చుట్టు ఎన్నడు కలువది. "నీ ముగ్గుల కుక్క దూరిపోతదే" అని మా అమ్మ నవ్వేది. ఆ రోజు కూడ ఆ మూల కలువలే.

"ఆ కొసకు ఐలన్న ఇల్లు," అన్నది రాజవ్వ. "బిడ్డా, ఆయన సంగతి..." అని ఏందో చెప్పబోయింది. ఫోన్ కట్టయింది. సిగ్నల్ లేదు.

ప్రేమ్‌సాగర్ సిగ్నల్ దొరుకుతదేమో చూస్తనని నా ఫోన్ పట్టుకొని రోడ్డు మీదికి పోయిండు. నేను ఆ కొస ఇంటికి కూడ సాన్పి చల్లి, ముగ్గేసి, నడుం పట్టుకొని లేసిన. అప్పటికి మసక చీకటయింది.

ముందుగాల వాసన వచ్చింది.

కట్టెల పొయ్యి పొగ. దాని ఎన్క కాల్చిన జొన్నరొట్టె వాసన. ఎవలో లారీ డ్రైవర్లు వండుకుంటున్నరు కావచ్చు అనుకున్న. చూస్తె లారీ లేదు. తర్వాత పచ్చి వెదురు వాసన... దాంతోని సప్పుడు. సర్ర్... సర్ర్... కత్తితోని వెదురుబద్ద చీల్చినట్టు. ఒక దిక్కు కాదు. అటు, ఇటు, నా ఎన్క.

"మా వాకిట్ల ఎవలమ్మా?"

కొస ముగ్గుకు అవతల ఒక ముసలాయన కూసోని ఉన్నడు. ఎప్పుడొచ్చిండో ఎరుకలే. మొఖం కనవడుతలేదు. భుజం మీద తువ్వాల మాత్రం కనవడుతుంది.

"నేను తాతా... ఆదయ్య మనుమరాలిని. మీరెవలు?"

"ఐలన్న."

అయ్యో, నా సంతోషం ఏం చెప్పాలె! ఏడేడనో తిరిగిన మనిషిని, నాకు కావాల్సిన సాక్షి నా కాళ్ల ముంగట కూసున్నడు. ఎంత వయసుంటది, ఏడికెళ్లి వచ్చిండు... ఏదీ నా బుర్రకెక్కలే. నా కండ్ల ముంగట రేష్మ సీటు ఒక్కటే ఉంది.

"తాతా, మా తాత ఇల్లేదో మీకెరుకనా?"

"ఎరుకే. గోడకు గోడ. నువ్వు సక్కగనే పెట్టినవు."

"రేపు సాహెబు వస్తడు. ఇదే మాట చెప్తరా? మీ కాళ్లు మొక్కుత. నా బిడ్డ బతుకు దీని మీదనే ఉంది."

సర్ర్... సర్ర్... సప్పుడు ఆగింది.

"చెప్త," అన్నడు.

అలవాటు చొప్పున నా నోటికెళ్లి అదే ప్రశ్న వచ్చింది. "మీరు ఇప్పుడు ఎక్కడుంటున్నరు తాతా?"

"ఏడుంటం బిడ్డా? ఇల్లేది?"

పాపమనిపిచ్చింది. "గట్లనైతె మా ఇంటికి రండ్రి. తిని పండుకోండ్రి. రేపు ఆడనే సాహెబుతోని మాట్లాడొచ్చు."

"అందరం రావాల్నా?" అన్నడు గుసగుసగ.

ఇంటామె, పిల్లలు ఉన్నరేమో అనుకున్న. నా నోరు పడ. "అందరు రండ్రి తాతా. మా ఇల్లు పెద్దదే," అన్న.

నా ఎన్క ఎవలో ఊపిరి ఇడిచిండ్రు... పక్కన ఇంకెవలో... చాలామంది.

అప్పుడే రోడ్డు మీదికెళ్లి బండి లైటు పడ్డది. ప్రేమ్‌సాగర్ వచ్చిండు.

"ఎవలతోని మాట్లాడుతున్నవక్కా?"

కొస ముగ్గు అవతల ఎవలు లేరు. తువ్వాల లేదు. పొయ్యి లేదు, పొగ లేదు. లైటు ఎలుతురుకు ముగ్గులన్ని తెల్లగ మెరిసినయి. ప్రతి ముగ్గు మీద అడుగులు పడి ఉన్నయి. ఉత్త కాళ్ల అడుగులు. పెద్దయి, చిన్నయి. అన్ని ఇండ్లల్లకెళ్లి బయటికి వచ్చి రోడ్డు దిక్కు మళ్లినయి. బండి ఏడ ఆగిందో ఆడిదాక వచ్చినయి.

"పా... పోదాం పా," అన్న.

తొవ్వల ప్రేమ్‌సాగర్ రెండు పారి బండి ఆపి టైరు చూసిండు. "గాలి ఉందక్కా... మరి బండి ఎందుకు గుంజుతలేదు? పది మందిని ఎక్కిచ్చుకున్నట్టుంది." నేను ఎన్కకు తిరిగి చూడలే.

ఇంటికి రాంగనే రాజవ్వ ఫోన్ కలిసింది. జరిగింది చెప్పిన.

"సాన్పి గూడ చల్లినవా?"

"చల్లిన అవ్వా. ముగ్గు ఆనలేదని..."

"రాళ్లు పెట్టకపోయినవా, లేకుంటె కట్టెలు నాటకపోయినవా? మనుషులున్న వాకిట్లనే సాన్పి చల్లుతరే. ఇంట్ల సావైతె ఎందుకు చల్లం? ఉత్త ఇంటి ముంగట ముగ్గేస్తె... ఉన్నరా, లేవుండ్రి అని పిలిచినట్టు. ఐలన్న గడప ఇడువలే బిడ్డా. గోడలు తోసిననాడు లోపలనే ఉన్నడని ఎవలకు ఎరుకలే. ఆయన ఒక్కడే కాదు..."

ఆ మాట వినుకుంటనే నేను తలుపు దిక్కు చూసిన. తలుపు ఏసే ఉంది. తడి పేడ వాసన ఇంట్లకెళ్లి వస్తుంది.

తెల్లారి ఇంట్ల ఉండబుద్ధిగాక, తమ్మున్ని తీసుకొని ముందే ఆ జాగకు పోయిన. వాన కొట్టి ముగ్గులన్ని కొట్టుకపోయినయి. సాహెబు ఆలస్యంగ వచ్చిండు. జీపు దిగలే, నవ్వుకుంట అద్దం దించిండు.

"నీ ఇంటికెళ్లే వస్తున్న బాయీ. ఇగ ఈ జాగ చూసే పని లేదు. ఆ ముసలాయన వాడంత వరుసగ చెప్పిండు. ఒక్క ఇల్లు ఇడువలే. మంచి సాక్షిని పట్టినవు."

"మా ఇంట్లనా... సాహెబ్?"

"ఇప్పుడు ఎక్కడుంటున్నరని అడిగిన. ఇక్కడనే ఉంటం, ఈ బిడ్డ అందరిని రమ్మన్నది అన్నడు." నా మొఖం దిక్కు చూసిండు. "ఏంది, మీ చుట్టమేనా ఆయన?"

చెప్పాల్సింది ఏందో నాకెరుక. ఆ మనిషి సచ్చి నా వయసంత కాలమైందని చెప్తె ఫైలు మూస్తడు. సీటు పోతది. నా బిడ్డ కండ్లల్ల నీళ్లు చూసుకుంట నేను బతకాలె.

"అవు సాహెబ్," అన్న. "మావోళ్లే."

ఇంటికొచ్చి రేష్మను అడిగిన. "తాత ఎవలు? ఎవలు రాలేదమ్మా. సాహెబు ఒక్కడే వచ్చిండు. ఉత్త కుర్చీ దిక్కు చూసుకుంట మాట్లాడుకుంట రాసుకున్నడు. నాకు భయమైంది," అన్నది.

సర్టిఫికెట్ వచ్చింది. నిజంగనే వచ్చింది. వచ్చేదాక రోజు పొద్దుగూకితె ఇంట్ల ఆ సప్పుడు... సర్ర్... సర్ర్. వంటింట్ల, అటక మీద, రేష్మ మంచం కింద. పొద్దున లేసి చూస్తె లోపలి గడపల కాడ సాన్పి తడి ఆరక ఉండేది. నేను తుడిసేదాన్ని. బిడ్డకు చెప్పలే. మొక్కని దేవుడు లేడు.

మొన్న రేష్మను నాగపూర్ బస్సెక్కిచ్చినం. ప్రేమ్‌సాగర్ బ్యాగు లేపబోయి ఆగిండు. "ఏం పెట్టినవే కోడలా, బట్టలేనా? రెండు చేతులకు లేస్తలేదు," అని నవ్విండు. నేను నవ్వలే. ఏదో అందామనుకున్న... బస్సు కదిలింది.

ఆ రాత్రి ఇంట్ల సప్పుడు లేదు. తెల్లారి గడపలు ఎండిపోయి ఉన్నయి. హమ్మయ్య, పోయిండ్రు అనుకున్న. దేవునికి కొబ్బరికాయ కొట్టి వచ్చిన. కడుపునిండ తిన్న.

ఇందాక రేష్మ ఫోన్ చేసింది.

"అమ్మా, ఇక్కడందరు మంచోళ్లే. పొద్దున నా అర్ర ముంగట ఎవలో ముగ్గేసిండ్రు. హాస్టల్ల ఎవలను అడిగినా మేం కాదంటున్నరు. పేడ వాసన గూడ వస్తుందే... నాలుగో అంతస్తు మీదికి పేడ ఏడికెళ్లి తెచ్చిండ్రో?"

"ఫోటో పంపు," అన్న.

పంపింది. తెల్లటి బండల మీద అలికి, దాని మీద ముగ్గు. కుడిదిక్కు మూలకు చుట్టు కలువలే. ముగ్గు మీద అడుగులున్నయి. పెద్దయి, చిన్నయి. అన్ని తలుపు దిక్కే పోయినయి.