నీలి తలుపుల ఊళ్లో చల్లబడిన చెలమ

"ఆఫీసు బల్ల మీద మిరపకాయలు పొయ్యొద్దని పొద్దుట్నుంచి మొత్తుకుంటున్నా," అంది శారద.

"ఇది ఆఫీసు బల్లెప్పుడైంది? మా అక్క పెట్టిన అన్నాల బల్ల," అన్నాడు రమణ. "బయట కోతులున్నయ్. కేసొస్తే తీస్తా తియ్."

"ఈ ఘాటుకు కేసు గడప కాడి నుంచే తిరిగిపోతది."

నిజంగానే గడపలో ఎవరో తుమ్మారు. చెమటకు తడిసిన కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఒక కోయ స్త్రీ నిలబడి ఉంది. పేరు జంపక్క. గోదావరి ఒడ్డు పల్లె నుంచి రెండు బస్సులు మారి కొత్తగూడెం వచ్చింది.

"మా ఇంటాయనను రేపు పోలీసోళ్లకు అప్పజెప్తరంటమ్మా. చెలమ చల్లబెట్టిండని. ఆయన గట్ల చేసేటోడు కాదు."

రమణ మిరపకాయలు చాటలోకి ఎత్తేశాడు. ఫొటో స్టూడియో మూసేశాక అతను భార్య డిటెక్టివ్ పనికి సహాయకుడయ్యాడు. ఆమె తెలివి మీద అతనికి అంతులేని గురి, ఇంటి పనుల్లో తప్ప.

దారిలో జంపక్క సంగతంతా చెప్పింది. సత్తుపల్లి వైపు మోతుబరి పిచ్చయ్య కొడుకు మురళీకృష్ణ, అగ్నిపర్వత ద్వీపంలో కట్టిన ఒక సముద్రతీరపు ఊరి బొమ్మ ఏదో పత్రికలో చూశాడు. అచ్చం అలాగే భద్రాచలం అవతల ఏటి ఒడ్డున తెల్లగోడలు, నీలి తలుపుల ఇళ్లు కట్టించాడు. సముద్రం లేదు, అగ్నిపర్వతమూ లేదు. ఇసకలో చెలమ తవ్వితే వేడినీళ్లు మాత్రం ఊరతాయి. ఏటి చన్నీళ్లు అందులోకి రాకుండా చుట్టూ ఇసక కట్ట. ఆ కట్ట ఈ వారంలో మూడుసార్లు తెగింది. ఆదివారం ఇళ్లు కొనేవాళ్లు చూడటానికి వస్తున్నారు. పల్లెవాళ్లను చెలమలోకి రానివ్వడం లేదన్న కక్షతో అక్కడ కావలి ఉన్న జంపక్క భర్త పగిడయ్యే తెంపాడని పిచ్చయ్య తీర్మానం.

వాళ్లు చేరేసరికి గాలికి ఇసక లేస్తోంది. నీలి తలుపులు ఊరికే కొట్టుకుంటున్నాయి. మురళీకృష్ణ ఫోను చెవి దగ్గర పెట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

శారద ముందు చెలమ దగ్గరికి వెళ్లింది. తెగినచోట సన్నటి బోదె కాలవ వంకర తిరిగి చెలమలోకి దిగింది. దాని మూతి దగ్గర తాటాకు ముక్కలు ఒత్తుగా పరిచి ఉన్నాయి.

"నీకు పొలం ఉందా పగిడయ్యా?" అని కట్ట పక్కన నిలబడ్డ కావలివాణ్ని అడిగింది.

"పోడుందమ్మా. జొన్నలేస్త."

"నీళ్లెట్ల పెడతవు?"

పగిడయ్య వింతగా చూశాడు. "వానే పెడతదమ్మా."

పిచ్చయ్య కుటుంబం దిగిన ఇంట్లో కోడలు పద్మప్రియ కాఫీ ఇచ్చింది. కిటికీలో ఆమె మెట్టెలు సాసరులో ఉన్నాయి. "చెలమలో స్నానానికి వెళ్తూ తీశానండీ. ఆ నీళ్లకు వెండి నల్లబడిపోతుంది."

పిచ్చయ్య భార్య భారతమ్మ దేవుడి గూటి ముందు వెండి కుంది తుడుస్తోంది. అద్దంలా ఉంది కుంది.

"మీరెప్పుడైనా దిగారా పిన్నిగారూ, చెలమలోకి?"

"మోకాళ్ల నొప్పులమ్మా. ఇసకలో నడవలేను. దాని మొహమే చూళ్లేదు."

"ఇక్కడే ఉండిపోతారా?"

"మా అమ్మ ఇచ్చిన మామిడితోట అమ్మి ఇక్కడ రెండో వరస ఇళ్లు కడతారట. రేపే సంతకం. ఇంక ఎక్కడికి పోతాను?" ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

శారద వంగి ఆమె పాదాలకు దణ్ణం పెట్టింది. భారతమ్మ గబుక్కున పాదాలు చీర అంచులోకి లాక్కుంది. కాటుకరంగు మెట్టెలు ఒక్కసారి కనిపించి దాక్కున్నాయి. అత్తగారికే దణ్ణం పెట్టని మనిషి ఈవిడ కాళ్లకెందుకు మొక్కిందో రమణకు అర్థం కాలేదు.

సాయంత్రం అందరినీ వసారాలోకి పిలిపించింది శారద.

"పగిడయ్యది వానపంట. పారుదల ఎరుగడు. కోపమొస్తే కట్టను కాలితో తన్ని పోయేవాడు. తెంపిన మనిషి బోదె తీసి, మూతి కోసుకుపోకుండా ఆకు పరిచింది. చెట్ల పాదులకు ఏళ్ల తరబడి నీళ్లు కట్టిన చెయ్యి అది. చెడగొట్టేటప్పుడు కూడా అలవాటు తప్పలేదు."

"తోట చూసుకునేది మా ఇంట్లో..." అని పిచ్చయ్య ఆగిపోయాడు.

"మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ వెళ్లారు. పని అయ్యాక, చెలమ చల్లబడేలోపు నొప్పి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకున్నారు. కుందిని అద్దంలా తోమే మనిషి మెట్టెలు అంత నల్లగా ఉంచుకోరు కదా, పిన్నిగారూ."

"నువ్వా అమ్మా?" మురళీకృష్ణ అరిచాడు. "నోటితో చెప్పొచ్చుగా, వద్దని!"

"రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాన్రా. వంటింట్లోంచి చెబితే మీకు వినపడలా."

"పాపం అతన్ని పోలీసులదాకా ఈడుస్తుంటే చూస్తూ ఊరుకున్నావే!" అన్నాడు పిచ్చయ్య.

ఆ మాటకు భారతమ్మ తల వంచుకుంది. లేచి, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లు దిగి, జంపక్క చేతులు పట్టుకుంది. "తప్పు నాది తల్లీ. నీ మొగుడి మీదికి పోతుందని తెలిశాక కూడా నోరు మెదపలేకపోయాను."

జంపక్క చేతులు విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు. "గా మాట ఆయనకు జెప్పు, అమ్మా," అంది.

భారతమ్మ పగిడయ్య వైపు తిరిగి ఆ మాటే చెప్పింది. తర్వాత భర్తను, కొడుకును, కోడలిని ఒక్కొక్కరినే చూసింది. గొంతు పెంచలేదు.

"రేపు నేను సంతకానికి రావడం లేదు. తోట అమ్మను. పొద్దుటి బస్సుకు సత్తుపల్లి పోతున్నాను, పూతకు ముందు పాదులు చేయించాలి. వచ్చేవాళ్లు రావచ్చు."