ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపే

ఏజెంట్ దేవదాస్ మంగళవారం పొద్దున పదిన్నరకు సూరత్‌లో, ఉధ్నా మెయిన్ రోడ్డు మీద చనిపోయాడు. చాయ్ తాగి రోడ్డు దాటుతుంటే నంబర్ ప్లేటు లేని టెంపో గుద్ది వెళ్ళిపోయింది. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. అతను పనిచేసే నిఘా డిపార్ట్‌మెంట్ అలా రాసుకోలేదు.

బుధవారం అతని స్థానంలోకి పరుశురాం వచ్చాడు. ఫోన్‌లో బ్రీఫింగ్ ఇచ్చింది పశ్చిమ విభాగం చీఫ్ సుభాషిణి.

"రాంప్రసాద్. తీర రక్షణ రాడార్ ఇంజనీర్. మూడు రోజులుగా కనిపించడం లేదు. రాడార్ కోడ్లన్నీ అతని తలలోనే ఉన్నాయి. విదేశీ ముఠా ఎత్తుకెళ్ళింది. ఎల్లుండి శుక్రవారం నాలుగూ పదికి సముద్రం పోటు మీద ఉంటుంది. అప్పుడు పడవ ఎక్కిస్తారు. ఎక్కడో తెలీదు."

"లోపల మనవాళ్ళెవరైనా?"

"నీరజ. బమ్రోలిలో తెలుగు మరమగ్గాల కార్మికుడి కూతురు. ఇప్పుడు చీరల మోడల్. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. మనమూ మన మనిషనే అనుకుంటున్నాం."

"మీకు అనుమానమా మేడమ్?"

"దేవదాస్ గుట్టు వాళ్ళకెలా తెలిసిందో ఇంకా తేలలేదు."

పరికరం గురువారం కొరియర్‌లో వచ్చింది. రెండంగుళాల గుండ్రటి ఎయిర్-ఫ్యూయల్ గేజ్. ఇంజన్‌లో గాలి, పెట్రోలు ఏ పాళ్ళలో కలుస్తున్నాయో చూపించే మీటర్. దాని లోపల మైక్, లొకేషన్ ట్రాన్స్‌మిటర్. బ్యాటరీకి చోటు లేదు, కారు కరెంటు మీదే బతకాలి. ముఠా తన మనుషుల దగ్గర ఫోన్లు ఉండనివ్వదు కాబట్టి వేరే దారి లేదు.

శుక్రవారం పదకొండుకు, ఉధ్నాలో మగ్గాల షెడ్డు పక్కన, పరుశురాం మిస్త్రీ వేషంలో కూర్చున్న ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు ఎర్ర కారు ఆగింది. నల్ల కళ్ళద్దాలు, షిఫాన్ చీరతో నీరజ దిగింది. వెనకే ముఠా మనిషి అంబదాస్ దిగాడు.

"మిస్త్రీ, టర్బో పెట్టించిన. బండి పెట్రోలు ఎక్కువ తాగుతుందా, గాలా?" అంది నీరజ.

"రెండూ తాగితెనే ఉరుకుతది మేడమ్."

కోడ్ కలిసింది. పరుశురాం కారు కింద దూరి సైలెన్సర్ పైపుకు సెన్సర్ బిగించాడు. డ్యాష్‌బోర్డు విప్పి, ఫ్యూజు బాక్సులో టెస్ట్ ల్యాంప్ పెట్టి చూశాడు. తాళం తిప్పితే వెలిగి, ఆపితే ఆరిపోయే పాయింటుకు గేజ్ ఎర్ర వైరు కలిపాడు. నల్లది బాడీకి ఎర్త్ ఇచ్చాడు. మిగిలింది పసుపు వైరు. అది నేరుగా బ్యాటరీకి కలిస్తే, కారు ఆపినా ట్రాన్స్‌మిటర్ పనిచేస్తూనే ఉంటుంది.

"గీ పసుపుదేంది?" అంబదాస్ వంగి అడిగాడు.

"మెమొరీకి అన్నా."

"మీటర్‌కు మెమొరీ ఏంది?"

నీరజ మధ్యలో అందుకుంది: "ఉట్టిగ బ్యాటరీ దిగుతది. కట్ చెయ్."

అంబదాస్ కటింగ్ ప్లేయర్ అందుకుని తానే వైరు కత్తిరించాడు. పరుశురాం నీరజ ముఖం చూశాడు. కళ్ళద్దాల్లో తన ముఖమే కనిపించింది.

కారు వెళ్ళగానే అతను షాపు వెనక గదిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. "ఆమె అటువైపే ఉన్నట్టుంది మేడమ్," అని సుభాషిణికి చెప్పాడు.

"అయినా విను. మనకింకేమీ లేదు."

పక్క షెడ్డులో మగ్గాల మోత. చెవి అదిమిపట్టుకుని విన్నాడు. తాపీ నది దాటారు. కోసాడ్ దగ్గర ఇంజన్ ఆగింది, మ్యాపు మీద చుక్క ఆరిపోయింది. గంటన్నర నిశ్శబ్దం. సుభాషిణి అక్కడికి పంపిన మనిషికి ఒకేలాంటి వందల ఇళ్ళు కనిపించాయి తప్ప కారు కనిపించలేదు.

రెండూ యాభైకి చుక్కకు మళ్ళీ ప్రాణం వచ్చింది. నీరసమైన గొంతు ఒకటి, "జర నీళ్ళియ్యండి," అంటోంది. రాంప్రసాద్. బతికే ఉన్నాడు. ఎవరో ఇంగ్లిష్‌లో గదిమారు. మూతికి ఏదో చుట్టిన చప్పుడు. పరుశురాం నీళ్ళ బాటిల్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తాగలేకపోయాడు.

చుక్క సముద్రం వైపు కదిలింది. మూడూ యాభై ఎనిమిదికి మడచెట్ల రోడ్డు మీద సిగ్నల్ చెదిరి, ఆరిపోయింది. అక్కడినుంచి పడవ ఎక్కించగల సముద్రపు పాయలు మూడున్నాయి. ఉన్నది ఒక్క టీము.

"ఏది పరుశురాం?"

"తెలీదు మేడమ్."

"ఏదో ఒకటి చెప్పు."

"చెప్పలేను."

నాలుగూ మూడుకి ఇయర్‌ఫోన్ గరగరమంది. ఇంజన్ శబ్దం లేదు. తాళం ఒక్క మెట్టే తిప్పారు. పరికరం లేచి చోటు పట్టుకోవడానికి ఇరవై సెకన్లు పడుతుంది. పరుశురాం లెక్కపెట్టసాగాడు.

"తాళమెందుకు తిప్పినవ్?" అంబదాస్ గొంతు.

"మీటర్ ముందుగాల వేడెక్కాలె. సీదా స్టార్ట్ చేస్తే సెన్సర్ ఖరాబైతది. మిస్త్రీ చెప్పిండు."

పరుశురాం ఆ మాట చెప్పలేదు. కానీ నిజమే. గేజ్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది. ఆమె చదువుకుంది.

ఎనిమిది. తొమ్మిది.

"ఇప్పుడు బండి తీసేదెవరు? బంద్ చెయ్."

"ఆగన్నా, అంకె పడుతుంది."

పద్నాలుగు. చెంపదెబ్బ చప్పుడు. పెనుగులాట. పదిహేడు. పదిహేడెంతసేపుందో అతనికి తెలియలేదు. ఆమె అరిచింది. ఏదో విరిగినట్టయింది. ఇయర్‌ఫోన్ మూగబోయింది.

మ్యాపు మీద చుక్క మాత్రం పడింది. ఉత్తరపు పాయ.

తర్వాతి ఏడు నిమిషాలు అతనికి చేయడానికేమీ లేదు. గోడకు తల ఆనించి నిలబడ్డాడు. ఆమె మీద తను చెప్పిన మాటను వెనక్కి తీసుకునే వీలు కూడా లేదు. నాలుగూ పదికి సుభాషిణి లైన్‌లోకి వచ్చింది. "పడవ తాడు విప్పుతుండగా పట్టుకున్నాం. రాంప్రసాద్ క్షేమం. అంబదాస్, ఆ విదేశీయుడు దొరికారు."

"నీరజ?"

"ఊపిరుంది."

మర్నాడు మధ్యాహ్నం ఆస్పత్రిలో, చేతికి కట్టుతో, ఏ రంగూ లేని ముఖంతో ఆమె చిన్నపిల్లలా కనిపించింది.

"బండి ఆగంగనే అంబదాస్ సిగ్నల్ పసిగట్టే డిటెక్టర్ పట్టుకొని చుట్టూ తిరుగుతడన్నా," అంది. "కరెంటుంటే నీ డబ్బా అక్కడ్నే దొరుకుతుండె. దేవదాసన్న పెట్టింది గట్లనే దొరికింది. డిటెక్టర్ సంగతి నాకప్పుడు తెల్వదు. తెలిసేసరికి ఆయన లేడు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. పరుశురాం గ్లాసులో నీళ్ళు పోసి దగ్గరగా పెట్టాడు.

వారం తర్వాత ఫైల్ మూసేశారు. ఏజెంట్ పరుశురాం కృషి అన్నచోట 'నిరంతర నిఘా' అని రాశారు. ఆ మాటకు అర్థమేమిటని డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ అడగలేదు, కూర్చుని వినడమేనని అతనూ చెప్పలేదు.