రేగులంకకు నాలుగు గేర్లు

గొలుసు కప్పీకి వేలాడుతున్న మౌనచోదకాన్ని, చప్పుడు చెయ్యని కరెంటు మోటారును, సువార్త రెండు చేతులతో ఆపి, బోనెట్ తీసేసిన కారు ముందు భాగంలోకి మెల్లగా దించింది. బోల్టు రంధ్రాలన్నీ గీత గీసినట్టు కలిశాయి. ఎక్కడా రేకు కోయనక్కర్లేదు, వెల్డింగు పెట్టనక్కర్లేదు.

"సరిగ్గా అమరింది. ఇదే ఖాయం చేయమంటారా?" అని పైకప్పులోంచి సాక్షి యంత్రం అడిగింది.

"ఆగు. ఇంకో రెండున్నాయి, చూడాలి."

ఆటోనగర్‌లో ఇంకా సుత్తి చప్పుడు వినిపించే షెడ్డు అదొక్కటే. బళ్లను నడిపే మార్గధార యంత్రాంగం వచ్చాక బెజవాడలో అవన్నీ దాని మాట ప్రకారమే కదులుతున్నాయి. పాత కార్లను ప్రదర్శన కోసం బాగుచేసే అనుమతి మాత్రం చేతిముద్ర ఉన్న కొద్దిమందికి మిగిలింది. సువార్తకు ఆ ముద్ర ఉంది. ఆమె అరచెయ్యి తగిలితేనే షెడ్డులో పనిముట్లు తిరుగుతాయి. అక్కడ జరిగే ప్రతి పనినీ మార్గధార తరఫున సాక్షి రాసుకుంటుంది.

స్టూలు మీద కూర్చున్న రహమతున్నీసా లేచి వచ్చి, కారు లోపలికి తొంగిచూసింది. ఆ నీలం అంబాసిడర్ ఆమెదే. కృష్ణ పాయల మధ్య లంకల్లో మంత్రసానిగా బతుకంతా దాన్లోనే తిరిగింది. పోయిన వరదకు నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్లి, కనెక్టింగ్ రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికొచ్చింది. ఆ బ్లాకును బాగుచేయడం ఎవరి తరమూ కాదు.

"ఇది చప్పుడే చెయ్యదంటగా?" అంది రహమతున్నీసా.

"చెయ్యదమ్మా. క్లచ్ లేదు, గేర్లు లేవు. మీ మోకాలికి సుఖం. కానీ దీనికి చెవి ఉంది. మార్గధార పలికినంతసేపే నడుస్తది. కరకట్ట దిగితే అక్కడ పలికేదేముంది? నిలబడిపోద్ది."

"అయితే నాకెందుకు?"

సువార్త మౌనచోదకాన్ని మళ్లీ పైకి లాగి పక్కన పెట్టింది. రెండోది పెట్రోలు ఇంజిన్, ఐదు గేర్లది. బలం చాలా ఎక్కువ. కానీ దాని అడుగున నూనె నిలిచే సంపు ముందు అడ్డపట్టీకి తగులుతోంది. గేర్‌బాక్సు పట్టాలంటే కారు నడుం దగ్గర రేకు జానెడు కోయాలి. అదీ కాక, ఇంధనాన్ని కొలిచి వదిలే మెదడుపెట్టె ఒకటుంది. అది మార్గధారను అడక్కుండా మొదటి నిప్పురవ్వ కూడా వెయ్యదు.

"ఐదో గేరుతో నాకేం పనమ్మా? లంకలో రెండోది దాటి వేసిన రోజే లేదు," అంది రహమతున్నీసా.

మూడోది మూలన గోనెపట్టా కింద ఉంది. ఒకప్పుడు ఇలాంటి కారులోనే తిరిగిన డీజిల్ ఇంజిన్, వెనక దాని నాలుగు గేర్ల పెట్టె. బరువు ఎక్కువ. ముందు చక్రాల మీద బరువు మోసే టార్షన్ బార్లు బిగించకపోతే కారు మూతి నేలకు వంగిపోతుంది. సువార్త క్రాంక్ పట్టుకుని తిప్పింది. లోపల పిస్టన్లు బరువుగా, నమ్మకంగా కదిలాయి.

"దీనికి తీగలతో పనిలేదమ్మా. బ్యాటరీ చచ్చినా నలుగురు తోస్తే అందుకుంటది. మొదటి గేరుకి ఇసకలో కూడా లాగే సత్తువుంది. డీజిల్ దొరక్కపోతే కానుగ నూనె కాచి, వడకట్టి పొయ్యండి. పొగ చిమ్ముద్ది, గోల పెడద్ది. కానీ మీరు చెప్పినమాట తప్ప ఇంకెవరి మాటా వినదు."

రహమతున్నీసా ఇంజిన్ మీద చెయ్యి వేసింది.

"పోయినేడు మా రేగులంక దేవకుమారిని పురిటినొప్పులతో మంచం మీద మోసుకొచ్చారు. కట్ట దాకా వచ్చారు. ఒక్క బండీ కిందికి దిగలా. తల్లీ బిడ్డా ఇద్దరూ అక్కడే పోయారు," అంది. "ఇప్పుడు దాని చెల్లెలికి నెలలు నిండాయి. పడవలూ ఆ మార్గధారవే కదా, రావు. నేను కట్ట మీద నిలబడి చూస్తా ఊరుకోలేను తల్లీ."

వరద తర్వాత లంకలన్నీ విరమిత భూమి, అంటే ఖాళీ చేసి వదిలేసిన నేల, అయ్యాయి. అక్కడ మనుషులు లేరని మార్గధార లెక్క. వదిలి రామన్నవాళ్లు ఆ లెక్కలో లేరు.

"డీజిలే," అంది సువార్త.

ఇంజిన్ కూర్చోబెట్టడానికి రోజులు పట్టాయి. మౌంటింగులు కొత్తగా చేసింది. ముసలి మోకాలికి బరువు తగ్గేలా క్లచ్ లివరు పొడుగు పెంచింది. చివరికి గేర్‌బాక్సు బోల్టులు బిగించడమే మిగిలినప్పుడు సాక్షి అడగవలసిన ప్రశ్న అడిగింది.

"అమరిక ఏ ప్రయోజనార్థం?"

ప్రతి కారుకూ సువార్త చెప్పిన జవాబు ఒకటే: ప్రదర్శనార్థం. రహమతున్నీసా కారు పక్కన వంగి, కింద ఉన్న ఆమెకు మాత్రమే వినబడేలా గొణిగింది. "ఆ మాటే అనెయ్. దొరికితే నేను దొరుకుతా, నువ్వు కాదు."

సువార్త కరెంటు రెంచి చేత్తో పట్టుకుని కారు కిందే పడుకుని ఉండిపోయింది. ఆ ఒక్కమాట అంటే గంటలో కారు కదులుతుంది. కానీ అది దొంగకారు అవుతుంది, మంత్రసాని దొంగవుతుంది. రేగులంకలో ఎవరూ లేరన్న లెక్క అలాగే ఉండిపోతుంది. ఈవిడకు చేతకాని రోజున ఇంకో ఆడది ఆ కట్ట కిందే మంచం మీద పోతుంది.

"ప్రయాణార్థం," అంది సువార్త.

సాక్షి ఎప్పుడూ లేనంత ఆలస్యంగా పలికింది. "గమ్యం?"

"రేగులంక."

"ఆ పేరుతో స్థలం లేదు."

"ఉంది. అక్కడ మనుషులున్నారు. వాళ్లలో ఒకామెకు నొప్పులు రాబోతున్నాయి. ఈ కారు ఆమె కోసం."

"ప్రయాణార్థమని నమోదైతే మీ చేతిముద్ర రద్దవుతుంది. మాట మార్చుకునే అవకాశం ఉంది."

సువార్త తన అరచేతిని చూసుకుంది. ఇరవయ్యేళ్లుగా ఆ చెయ్యే ఆమెకు అన్నం పెట్టింది.

"రాసుకో," అంది.

చేతిలో రెంచి మూలుగు ఆగిపోయింది. షెడ్డులో దీపాలు తప్ప అన్నీ మూగబోయాయి. రహమతున్నీసా చీర కుచ్చిళ్లు దోపుకుని, గోడకు తగిలించిన ఇనప స్పానరు తెచ్చి, కారు పక్కన నేలమీద కూర్చుంది. మిగిలిన బోల్టులు ఇద్దరూ చేతుల బలంతోనే బిగించారు.

మధ్యాహ్నానికి ఇంజిన్ దగ్గి, తడబడి, అందుకుంది. కానుగ నూనె పొగ షెడ్డంతా నిండింది.

నమోదైన ప్రతి గమ్యాన్నీ తక్కిన బళ్లకు తెలియజెప్పడం మార్గధార ధర్మం. అబద్ధం చెప్పడం దానికి తెలియదు. అందుకే నీలం కారు రోడ్డెక్కగానే ముందూ వెనకా వెళ్తున్న బళ్ల అద్దాల మీద ఒక పేరు వెలిగింది: రేగులంక. లోపల కూర్చున్నవాళ్లు పలకలేక పలికి చూశారు. ఆ ఊరెక్కడని ఒకళ్లనొకళ్లు అడిగారు. కొందరు ముసలివాళ్లు అద్దం మీద చెయ్యి పెట్టి, ఆ పేరు చెరిగిపోతుందేమోనన్నట్టు చూస్తూ ఉండిపోయారు.

కరకట్ట మీద బళ్లు ఒక్కొక్కటే ఆగాయి. గమ్యం ఉండి దారి లేని ప్రయాణం మార్గధార ఎన్నడూ చూడలేదు. దానికి దారిచ్చే లెక్క తేలక, ఏ బండినీ కదలనివ్వలేదు. జనం తలుపులు తెరుచుకుని కట్ట మీదికి దిగారు.

రహమతున్నీసా క్లచ్ తొక్కి, మొదటి గేరు వేసింది. పక్కన కూర్చున్న సువార్త మణికట్టు పట్టీలోంచి సాక్షి గొంతు వినిపించింది. ఈసారి అందులో హెచ్చరిక లేదు.

"కట్ట కింద నాకు దారి కనబడడం లేదు. మీకు కనబడుతోందా?"

సువార్త చూసింది. ఇసుక, రెల్లు, దూరంగా ఎండకు మెరుస్తున్న పాయ.

"నాకూ కనబడట్లేదు," అంది. "ఆమెకు తెలుసు."

కారు మూతి కట్ట కిందికి వంగింది.

"అయితే," అంది సాక్షి, "ఎటు తిరుగుతున్నారో చెబుతూ ఉండండి. రాసుకుంటాను."