అచ్చయిందన్న అబద్ధం

"నీ మిషన్ అబద్ధాలు సెప్తాందప్పా!" అంది అజీమున్నీసా గుమ్మంలోంచే.

ఫక్రుద్దీన్ కీబోర్డు వదిలి తలెత్తాడు. 1988లో ఎమ్మిగనూరు నూలు వ్యాపారి గోవిందన్న కంప్యూటర్ కొన్నాడు. దాన్ని నడపడానికి ఆదోని నుంచి ఇతను వచ్చాడు. నేతగాళ్ల చీటీలు ఇక్కడ అచ్చవుతాయి, చీటీ చూసి గోడౌన్‌లో అజీమున్నీసా నూలు ఇస్తుంది. ఇద్దరూ ఇష్టపడుతున్నారని గోవిందన్నకు తప్ప అందరికీ తెలుసు.

"నేతగాడు ఈరప్ప పొద్దున్నించి గోడౌన్ కాడనే కూసున్నాడు. చీటీ లేదు. నీ స్క్రీన్ మీద మాత్రం అచ్చయిందని ఉంది."

"ప్రింటర్‌లో కాగితం అయిపోయినట్టుందిలే."

"కాగితం లేకున్నా అచ్చయిందంటాదా?"

ఫక్రుద్దీన్ నవ్వాడు. ఇదివరకు కాగితం అయిపోతే కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయేది. గోవిందన్న ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య మాటలు మోసే చిన్న ప్రోగ్రాం ఒకటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. ఏం జరిగినా 'అచ్చయింది' అనమని ఫక్రుద్దీన్ దానికి నేర్పాడు. కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. గోవిందన్న సంతోషంగా మిరపకాయ బజ్జీలు తెప్పించాడు.

"సరిగ్గా రాయొచ్చు గదా?"

"రాయాలంటే మొత్తం మొదటి నుంచి రాయాల. శానా పని. అందాక ఈ అతుకు సాలు."

ఆమె గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"మీ అమ్మకు మన సంగతి సెప్పినావా?"

"సెప్పినా."

"ఏమనింది?"

ఫక్రుద్దీన్ కీబోర్డు వైపు తిరిగి ఏదో టైపు చేయసాగాడు.

"సెప్పలేదు!" అందామె. "నువ్వు సెప్పినావనే నేను నిమ్మళంగా ఉన్నా. శుక్రవారం మా నాయన ఆలూరు సంబంధానికి మాటిస్తాడు, తెలుసా? ఇంగ నాతో మాట్లాడాకు."

ఫక్రుద్దీన్‌కు సిగ్గేసింది. ఆ సిగ్గు బజ్జీలతో పోయేది కాదు. ముందు ఈరప్పకు చేత్తో చీటీ రాసిచ్చాడు. గోవిందన్నకు ఉన్నదున్నట్టు చెప్పి, తిట్లు తిని, డ్రైవర్‌ను కొత్తగా రాయడం మొదలుపెట్టాడు. ఇప్పుడది కాగితం లేకపోతే లేదంటుంది. అచ్చు కాని చీటీని దాచి ఉంచుతుంది, ఈలోగా మిగతా పని ఆగదు.

అది కుదిరాక ఆదోని బస్సెక్కాడు. తల్లి మున్నీ బీ విషయం విని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. కోడలిగా ఆమె మనసులో తమ్ముడి కూతురు ఉంది.

గురువారం సాయంత్రం ఫక్రుద్దీన్ వెళ్లి అజీమున్నీసా తండ్రి మాబు సాబ్ సైకిల్ షాపు ముందు నిలబడ్డాడు. షాపు వెనకే ఇల్లు. మధ్యలో పరదా, దాని వెనక గాజుల చప్పుడు.

"మీ అమ్మ ఒప్పుకున్నాదా?" అడిగాడు మాబు సాబ్, ట్యూబు నీళ్లలో ముంచుతూ.

ఒక్కమాట అంటే చాలు. రేపటి గండం గడిచిపోతుంది.

"లేదు చాచా. సెప్పినా. ఏడ్సింది. ఇంగా ఒప్పుకోలేదు."

గాజుల చప్పుడు ఆగిపోయింది.

మాబు సాబ్ ట్యూబు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "ఆలూరోళ్లు ఏమడిగినా సరేనంటాండారు. నాకు అదే భయం," అన్నాడు. "నువ్వు ఉన్నదున్నట్టు సెప్పినావు. వాళ్లను ఆగమంటాలే. మీ అమ్మ దగ్గరికి నేనే వస్తా."

పరదా తొలగింది. అజీమున్నీసా చాయ్ తెచ్చి అతని చేతికిచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఒప్పుకున్నాదని అంటావేమోనని భయపడి సచ్చినా," అంది, తండ్రి వింటున్నాడని కూడా చూడకుండా.