గొంగడి కప్పుకున్న దెయ్యం

జగిత్యాలలోని ఆ చిన్న ఆఫీసు గుమ్మంలోనే పుష్ప కూలబడింది. "సార్, నా కొడుకును ఎత్తుకపోయిర్రు. నిన్నటి సంది దేవులాడుతున్నం, దొరుకుతలేడు."

అసిస్టెంట్ అఖిల మంచినీళ్లు తెచ్చిచ్చింది. అప్పటికే ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారట. మిగిలింది ఐదేళ్ల అభిరామ్ ఒక్కడే. డిటెక్టివ్ ప్రేమ్‌సాగర్ కారు తాళాలు తీసుకుని లేచాడు.

కోరుట్లలో అభిరామ్ చదివే బడిలో నిన్న విదేశీ దెయ్యాల పండుగ జరిపారు. మనకు పండుగలు ఏం తక్కువయ్యాయని ఇదొకటి! పిల్లలకు వేషాలు కట్టిన టీచరు సుస్మిత భయంభయంగా చెప్పింది.

"అభిరామ్‌కు తెల్లగుడ్డ చుట్టి ముక్కుల దూది పెట్టిన సార్. అందరు చప్పట్లు కొట్టిర్రు. ఇంతల నల్లగొంగడి ముసుగేసుకొని ఎవరో అచ్చిర్రు. అది గూడ వేషమే అనుకున్న."

"బాబు ఏడ్చిండా?"

"లేదు సార్. చెయ్యి పట్టుకొని పోయిండు."

బడి వెనుక చెత్తకుప్ప మీద ఆ తెల్లగుడ్డ దొరికింది. చుట్టూ తవుడు చల్లి ఉంది.

"ఎవరి బర్రె దాణానో ఒలికింది సార్" అంది అఖిల.

"గీడ బర్రెలు ఎక్కడున్నయి, అఖిలా?"

ఇంట్లో పుష్ప అత్త నర్సక్క గోడకు ఆనుకుని కూర్చుంది. కంట్లో చుక్క నీరు లేదు. "ఇగ వాడు మనోడు కాదు. ఊకో పుష్పా" అంది. పుష్ప తల బాదుకుంది. ఈ ముసలిది మనిషేనా అని అఖిలకు ఒళ్లు మండింది. ప్రేమ్‌సాగర్ మెల్లగా చుట్టాల గురించి అడిగాడు. సిరిసిల్లలో నర్సక్క చెల్లెలు లింగవ్వ ఒక్కతే ఉందట.

మధ్యాహ్నానికి అందరినీ లింగవ్వ ఇంటి ముందర కూర్చోబెట్టాడు. బడి ఆటో నడిపే దేవేందర్‌ను కూడా పిలిపించాడు. పిల్లవాణ్ణి ఎత్తుకెళ్లాడన్న అనుమానంతో జనం కొట్టిన దెబ్బలకు అతని మొహం వాచిపోయింది. పక్కింట్లో మరమగ్గాలు మోగుతున్నాయి.

"ఆ దెయ్యాల పండుగ పుట్టిన దేశాలల్ల చలి మొదలయ్యే రోజుల్ల సచ్చినోళ్లు తిరిగి అస్తరని నమ్మెటోళ్లట" అన్నాడు ప్రేమ్‌సాగర్. "వాళ్లు గుర్తువట్టి తీస్కపోవద్దని బతికున్నోళ్లు వేషాలేసెటోళ్లట. మన దగ్గర గూడ పిల్లలు దక్కని ఇండ్లల్ల అట్లనే చేస్తరు. పిల్లగాన్ని పెంటకుప్ప మీద పండవెట్టి, తవుడుకు ఇంకొకలకు అమ్ముతరు. ముక్కు కుట్టి, గౌను తొడుగుతరు. మనమంత మొగపిల్లగాన్ని దేవులాడినం. గొంగడిల అచ్చింది వాడు ఏడువకుండ వెంట పోయే మనిషి. 'మనోడు కాదు' అన్నది సచ్చిండని కాదు, అమ్ముడువోయిండని. అవునా నర్సక్కా?"

నర్సక్క తల వంచుకుంది. "గేటు కాడికెళ్లి చూసిన. ముక్కుల దూది పెట్టిర్రు బిడ్డా! ఇద్దరు మనుమలను గట్లనే సాగనంపిన. మల్ల చూడలేక, గొంగడి కప్పుకొని తీస్కపోయి చెల్లెకు అమ్మిన."

"నాకెందుకు చెప్పలేదత్తా?" అంది పుష్ప.

"తల్లి నిజంగ ఏడ్తెనే సావు నమ్ముతది."

"మరి నన్ను కొట్టింది?" అన్నాడు దేవేందర్. నర్సక్క అతని వైపు చేతులు జోడించింది. అతను మొహం తిప్పుకున్నాడు.

లింగవ్వ లోపలికి వెళ్లి పిల్లవాణ్ణి తెచ్చింది. పూలగౌను వేశారు. కొత్తగా కుట్టిన ముక్కు ఎర్రగా ఉబ్బింది. పుష్ప ఒక్క ఉదుటున లేచింది. ఇప్పుడు అత్తను దులిపేస్తుందని అఖిల అనుకుంది.

"అభీ..." అనబోయి పుష్ప నోరు మూసుకుంది. చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. వాడు అమ్మా అంటూ ఏడుస్తుంటే, ఆమె లింగవ్వ వైపు తిరిగి బిచ్చం అడిగినట్టు కొంగు పట్టింది.

"చిన్నత్తా, నీ కొడుకును నాతోని పంపుతవా?"