పాత డెస్క్‌టాప్ పెంచిన అర మెట్టు

2071 నాటికి గుంటూరు మిర్చి యార్డులో కాయ వాసన చూసేది మనిషి కాదు, కొట్టులో బల్ల మీది డెస్క్‌టాప్. గుప్పెడు కాయలు దాని పళ్లెంలో పోస్తే, ఘ్రాణ సంవేదకం అనే స్మెల్ సెన్సర్ ఘాటూ తేమా పసిగడుతుంది. ఎన్నో రకమో యంత్రమే పలుకుతుంది. రకాన్ని బట్టే ధర.

వ్యాపారి పాండురంగారావు తన పాత డెస్క్‌టాప్‌ను పద్దెనిమిదేళ్లు వాడాడు. కొత్తది కొనేటప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: "నా అనుభవం దీనికెట్టా వస్తది?"

దానికి స్వభావ బదిలీ ఉంది. యజమాని గుణాన్ని పాత యంత్రంలోంచి వడగట్టి కొత్తదానికి ఎక్కించే నేచర్ ట్రాన్స్‌ఫర్. గంటన్నరలో పని ముగిసింది. పాతదాన్ని కరిగించడానికి తీసుకుపోయారు.

పన్నెండు రోజులు గడిచాయి. మార్చి నెల. యార్డంతా కాయలతో ఎర్రగా ఉంది. ఆయన కొట్టు ముందు మాత్రం నేల కనిపిస్తోంది.

బదిలీ చేసిన ఇంజనీరు నస్రీన్‌ను పిలిపించాడు.

"అమ్మా, నువ్వు ఎక్కించింది నా స్వభావమేనా, ఎదురు కొట్టోడిదా?"

ఆమె తెర మీద పాత యంత్రం నిర్ణయాల నకలు పరిచింది. "అచ్చంగా మీదేనండీ. చిక్కంతా అదే. మొదటి ఏడాది మీరే కాయ చూసి పాతదానికి రకాలు నేర్పారు. మీ లెక్కన రెండో రకం కావలసిన కాయను, అది అర మెట్టు పెంచి ఒకటిన్నర రకమని రైతుకు చెప్పేది. ఏళ్ల తరబడి."

"ఎవరు చెప్పమన్నారంట?"

"ఎవరూ చెప్పలేదు. అర మెట్టు పెంచితే ఆ రైతు మరుసటేడు మంచి సరుకుతో మళ్లీ ఇక్కడికే వస్తున్నాడని దానంతట అదే గ్రహించింది. అది యంత్రం గుణం, మీది కాదుగా. వడపోతలో పోయింది."

పాండురంగారావు తెర కేసి వంగి చూశాడు. యార్డులో ఆయనకు చెయ్యి పెద్దదని పేరు. ఆ పేరు మీద సన్మానం కూడా చేయించుకున్నాడు.

"అయితే దీనికీ ఆ గుణం ఎక్కించు."

"నేను ఎక్కిస్తే నిలవదు. ఇది మీ నోటి నుంచే నేర్చుకుంటుంది. ఒక్కసారి మీరే కాయ చూసి, అర మెట్టు పెంచి చెప్పండి. చాలు."

"ఓస్, ఇంతేనా!"

ఫిరంగిపురం రైతు మరియదాసును ఫోన్‌లో బతిమాలి రప్పించాడు. అతను ముప్పై బస్తాలు దింపి నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"ఏంది సావుకారూ, కొత్త డబ్బా వచ్చినకాడ్నించి నీ చెయ్యి ముడుచుకుపోయిందంట? ఇదే ఆఖరు. ఈసారీ అట్టాగే అంటే మా ఊరోళ్లమంతా ఎదురు కొట్టుకే."

పాండురంగారావు కాయ తీసుకున్నాడు. ఒక పక్క ముప్పై బస్తాల మీద అర మెట్టు, ఇంకో పక్క ఊరు ఊరంతా. ఎటు లాభమో ఆలోచించనక్కరలేదు. తొడిమ తుంచాడు, వాసన చూశాడు, నాలుకకు తాకించాడు. రెండో రకమే.

నస్రీన్ తల ఊపింది. యంత్రం ఎదురుచూస్తోంది.

"ఒకటి..." అన్నాడు. వేళ్లు ఊరుకోక కాయను మళ్లీ నలిపాయి.

"రెండో రకం," అన్నాడు. "కాస్త చెమ్మ కూడా ఉంది దాసూ."

"నేర్చుకున్నాను," అంది కొత్త డెస్క్‌టాప్.