నీలిమూత సీసా

"మూడింటికి విమానం. సీసాలు రెండూ వెళ్ళిపోవాలి. కానీ ఒకదాంట్లో సరుకు మారాలి," అన్నాడు కల్నల్ బరోసో.

"మిర్తాని ఇప్పుడే పట్టుకోవచ్చుగా, కామ్రేడ్ కల్నల్?" అడిగాడు ఏజెంట్ ఎవేలియో.

"పట్టుకుంటే ఇంకొకర్ని పంపుతారు. అసలుదే దొరికిందనుకుని ఆ విదేశీ ముఠా ఏడాదిపాటు తల బాదుకోవాలి."

అది 1981. హవానా ల్యాబ్‌లో మనిషి ఇన్సులిన్ జన్యువుని బాక్టీరియాలో పెట్టి, వాటిచేత మందు చేయిస్తున్నారు. ఎర్రమూత సీసాలోని బాక్టీరియా ఒక గొలుసు అల్లుతుంది, నీలిమూత సీసాలోది రెండో గొలుసు. రెండూ కలిస్తేనే ఇన్సులిన్. ఆ రెండిటినీ డాక్టర్ మిర్తా ఎత్తుకుపోతోంది. అందగత్తె, డబుల్ ఏజెంట్. ఆమె అడిగిన ధర ఒక్కటే. తొమ్మిదేళ్ళ కూతురు జెనియాకి చక్కెర వ్యాధి. అప్పట్లో దొరికే పంది ఇన్సులిన్ పడదు. తొడల నిండా గడ్డలు. ముఠా తయారుచేసే మందులో మొదటి మోతాదు ఆ పిల్లకి.

"ఆ మందు పిల్లకి మనమే ఇవ్వొచ్చుగా?" అడిగాడు ఎవేలియో.

"పరీక్షలకి రెండేళ్ళు పడుతుంది."



విమానాశ్రయంలో ఎవేలియో పెట్టుడు తెల్లమీసం, చేతికర్రతో ముసలివాడిలా లైన్లో నిలబడ్డాడు.

"లైన్లో చివర ఎవరండీ?" వెనకనుంచి మిర్తా గొంతు.

"నేనేనమ్మా."

"అమ్మా, బాత్రూమ్!" అంది జెనియా.

"ఇప్పుడా? ఇంట్లో అడిగితే వద్దన్నావుగా!"

"అప్పుడు రాలేదు మరి! తాతగారు మన చోటు చూస్తార్లే. కదా తాతా?"

"వెళ్ళిరా బంగారం. ఎవడైనా దూరితే కర్రతో కాళ్ళు విరగ్గొడతా."

మిర్తా ఒక్క క్షణం తటపటాయించింది. మూడు దేశాల్లో శిక్షణ పొందిన మనిషే. కానీ హవానాలో పుట్టింది. లైన్లో ముందున్నవాళ్ళ దగ్గర సంచి పెడితే ఇక్కడ ఎవరూ వెనక్కి తిరిగి చూసుకోరు. ఆ నమ్మకాన్ని చెడగొట్టినవాణ్ణి ఎవేలియో తన జన్మలో చూడలేదు.

మిర్తా సంచి అతని దగ్గరే వదిలి పిల్లతో వెళ్ళింది. అతను కర్ర పిడి తిప్పాడు. లోపలినుంచి మరో నీలిమూత సీసా వచ్చింది. అందులోనూ ఎర్రమూత సీసాలోలాగే మొదటి గొలుసు బాక్టీరియానే. సంచిలో ఐసు పక్కన పిల్ల సిరంజి, ఒక గుడ్డబొమ్మ ఉన్నాయి. వాటిని కదపకుండా సీసా మార్చాడు. జిప్పు మూసేసరికి వాళ్ళు రానే వచ్చారు.

"మా సంచి ఎవరూ ముట్టుకోలేదు కదా తాతా?"

"ఎవరూ ముట్టుకోలేదమ్మా."

మనవడు ఇంకా రాలేదని చెప్పి వాళ్ళని ముందుకు పంపాడు.

"భేష్!" చెవిలోని రేడియోలో కల్నల్ అన్నాడు.

గాజు తలుపు అవతలినుంచి తల్లీకూతుళ్ళు కృతజ్ఞతగా చేతులు ఊపారు. ఎవేలియో కూడా ఊపాడు. శిక్షణలో అదీ ఒక పాఠమే.